బంతి కింద పడ్డాక ఏమవుతుంది? పిల్లల బాక్స్ లాక్రోస్ కోచ్‌లు డ్రిల్స్ ఏరుకునే పద్ధతి

కెనడాలోని ఒంటారియోలో వసంతం రాగానే చాలా ఊళ్ళ ఐస్ హాకీ రింకుల్లో మంచు తీసేస్తారు. అడుగున బయటపడ్డ కాంక్రీటు నేల మీద, చుట్టూ గోడలా ఉండే అవే బోర్డుల మధ్య, వేసవంతా బాక్స్ లాక్రోస్ నడుస్తుంది. లాక్రోస్ అంటే, చివర నెట్ ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి, విసిరి, గోలు కొట్టే ఆట. దాని బాక్స్ రూపం పుట్టిందే అలా. 1930ల తొలినాళ్ళలో, వేసవిలో ఖాళీగా పడి ఉంటున్న రింకులకు ఏదో ఒక పని కల్పించాలని మైదానపు లాక్రోస్‌ను నాలుగు గోడల మధ్యకు తెచ్చారు. ఒక్కో జట్టుకు గోలీ (గోలుకు కాపలా ఉండే ఆటగాడు) కాక ఐదుగురు. గోలు ఎత్తు నాలుగడుగులు. పెద్దల ఆటలో బంతి చేజిక్కిన 30 సెకన్లలో షాట్ కొట్టి తీరాలి. 1994లో కెనడా పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం శీతకాలపు జాతీయ క్రీడ హాకీ, వేసవి జాతీయ క్రీడ లాక్రోస్.

ఇంత చరిత్ర ఉన్నా చిన్నపిల్లల జట్లకు కోచ్‌లు దొరకరు. క్లబ్బులు తల్లిదండ్రులనే అడుగుతాయి. పిల్లవాణ్ణి దింపడానికి వెళ్ళి, ‘ఎవరైనా ముందుకొస్తారా’ అనగానే చెయ్యెత్తిన నాన్నల్లో నేనొకణ్ణి. గుంటూరులో కబడ్డీ, క్రికెట్ తప్ప మరో ఆట ఎరగనివాణ్ణి. అప్పటికి లాక్రోస్ స్టిక్ చేత్తో పట్టుకుని కూడా ఎరగను. టొరొంటో చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పుడు మన తెలుగు పిల్లలు కూడా ఈ ఆటకు వస్తున్నారు కనుక, రేపు మీరూ చెయ్యెత్తే అవకాశం ఉంది. ఇది మీ కోసం. ముఖ్యంగా ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

కొత్త కోచ్ మొదట చేసే పని డ్రిల్స్ కోసం, అంటే ఒక్కో మెళకువను సాధన చేయించే చిన్న కసరత్తుల కోసం, వీడియోలు వెతకడం. అవి వేలల్లో దొరుకుతాయి, చిక్కంతా అక్కడే. వాటిలో ఎక్కువ భాగం అమెరికాలో ఆడే మైదానపు లాక్రోస్‌వి. 110 గజాల మైదానం, ఆరడుగుల గోలు, డిఫెన్స్‌కు ఆరడుగుల పొడుగు స్టిక్కులు, రెండు చేతులతోనూ ఆడగలిగే ఆటగాళ్ళు. బాక్స్‌లో ఇవేవీ ఉండవు. అక్కడ ముప్ఫై గజాల పాస్ నేర్పే డ్రిల్ ఇక్కడ ఎందుకూ పనికిరాదు. ఇక్కడ పాస్ ఐదారు గజాలే. అదీ ఎదుటివాడి స్టిక్ మన మోచేతి మీద ఉండగా. వీడియోలో పచ్చగడ్డి కనిపిస్తే, అందులో ఏ భాగం రింకులో పనికొస్తుందో తేల్చుకున్నాకే వాడండి.

ఆ తర్వాత ప్రతి డ్రిల్‌నూ నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇందులో బంతి కింద పడితే ఏమవుతుంది? చాలా డ్రిల్స్‌లో ఏమీ కాదు. పిల్లవాడు బంతి వదిలేస్తాడు, తల వంచుకుని వరస చివరికి పోతాడు, కోచ్ సంచిలోంచి ఇంకో బంతి తీస్తాడు. అసలు మ్యాచ్‌లో మాత్రం బంతి పడ్డ క్షణమే ఆట మొదలవుతుంది. పదేళ్ళలోపు పిల్లల మ్యాచ్ ఒకటి కూర్చుని చూడండి, బంతి స్టిక్‌లో ఉన్న సమయం కంటే నేల మీద దొర్లే సమయమే ఎక్కువ. నాలుగు అందమైన పాసుల కంటే మూలకు దొర్లిన బంతిని ముందుగా అందుకున్న జట్టే గెలుస్తుంది. అందుకే మా ప్రాక్టీసులో ఒక నియమం పెట్టాను: ఏ డ్రిల్‌లోనైనా సరే, పడ్డ బంతి బతికి ఉన్నట్టే. వదిలినవాడే కాదు, పక్కవాడు కూడా దాని మీదికి వెళ్ళాలి. ఈ నియమం చేర్చితే కాగితం మీద చప్పగా కనిపించే డ్రిల్ కూడా పనికొస్తుంది. చేర్చడానికి వీలుకాని డ్రిల్‌ను నేను పక్కన పెట్టేస్తాను.

రెండో వడపోత వరసలది. వరసలో నిలబడ్డ పిల్లలను లెక్కపెట్టండి. పదిహేను మంది పిల్లల్లో ఇద్దరు పరిగెడుతూ పదమూడు మంది చూస్తూ ఉంటే అది డ్రిల్ కాదు, బ్యాంకు క్యూ. ఆ పదమూడు మంది చేతిలో స్టిక్కులుంటాయి, రెండో నిమిషానికి అవి కత్తులవుతాయి. ఏ డ్రిల్‌నైనా మూడు ముక్కలు చేసి, ఒకే సమయంలో మూడు చోట్ల ఆడించండి. దానికి ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. స్టాండ్స్‌లో ఫోన్లు చూసుకుంటున్న తల్లిదండ్రులు ఉన్నారు కదా, వాళ్ళను దించండి. బంతులు దొర్లించడానికి ఎవరికీ శిక్షణ అక్కర్లేదు. హెల్మెట్ తెచ్చుకోమని మాత్రం ముందే చెప్పండి.

డ్రిల్స్‌కు ముందు సామాను సంగతి చూడాలి. నెట్ సరిగా లేని స్టిక్‌తో ఏ డ్రిల్ చేసినా వృథా. దుకాణంలో కొన్న కొత్త స్టిక్ నెట్ బల్లలా బిగుసుకుని ఉంటుంది, బంతి అందులో పడి ఎగిరిపోతుంది. పిల్లవాడు తన చేతకానితనం అనుకుంటాడు. రాత్రి నెట్‌లో ఒక బంతి గట్టిగా నొక్కి, అడ్డంగా కర్రముక్కో మరో స్టిక్ పిడో దూర్చి, తెల్లవారేదాకా వదిలేయమని తల్లిదండ్రులకు చెప్పండి. మరీ లోతైపోయినా కష్టమే: విసిరిన బంతి ముందుకు పోకుండా విసిరినవాడి కాళ్ళ ముందే నేలకు కొట్టుకుంటుంది. పొడవు కూడా చూడండి. అన్నయ్య స్టిక్ తెచ్చుకున్న ఎనిమిదేళ్ళవాడికి దాని పిడి పొట్టకు గుచ్చుకుంటూ ఉంటుంది. లీగు అనుమతించే కనీస పొడవు ఎంతో కనుక్కుని, రంపంతో కోసి, చివర టేపు చుట్టండి.

బంతి క్రికెట్ బంతి కంటే కాస్త చిన్నది, కాస్త తేలిక. కానీ గట్టి రబ్బరు. కేజ్ ఉన్న హెల్మెట్, నోటి గార్డు, గ్లవ్స్, భుజాలకు, చేతులకు ప్యాడ్స్, వాటితో పాటు నడుము, వీపు కాపాడే ప్యాడ్స్ లేకుండా ఎవరినీ ఫ్లోర్ మీదికి రానివ్వకండి. హాకీ ఆడే ఇళ్ళలో వీటిలో సగం ఎలాగూ ఉంటాయి. సీజన్ మొదట్లో ఇంకో సంగతి: మంచు తీసిన కొత్తలో నేల ఇంకా చల్లగా ఉంటుంది. బయట ఉక్కగా ఉన్న రోజు ఆ కాంక్రీటుకు చెమట పడుతుంది. చూడ్డానికి పొడిగానే ఉంటుంది, అరచేతితో రాస్తే తడి తగులుతుంది. అలాంటి రోజు పరుగు డ్రిల్స్ మాని, నిలబడి చేసే పాసులు, షాట్లు పెట్టుకోండి.

ఇప్పుడు నేను వదులుకోని డ్రిల్స్ చెబుతాను. మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది, మూలలో దొర్లే బంతి. కోచ్ మూలకు బంతి దొర్లిస్తాడు, ఇద్దరు పిల్లలు దాని కోసం పరిగెడతారు. చూడ్డానికి అంతే. నేర్పాల్సినదంతా చివరి రెండు అడుగుల్లో ఉంది. తెలియని పిల్లవాడు నిటారుగా వచ్చి, స్టిక్‌ను చీపురులా పట్టుకుని, బంతిని పైనుంచి పొడుస్తాడు. బంతి ముందుకు జారిపోతుంది, వాడు దాని వెంట పడతాడు. రింకు ఆ చివర నుంచి ఈ చివర దాకా అలా బంతిని తోసుకుంటూ వచ్చిన పిల్లలున్నారు. సరైన పద్ధతిలో ముందు మోకాళ్ళు వంగాలి, నడుము ఒక్కటే కాదు. పాదం బంతి పక్కకు రావాలి. కింది చెయ్యి ఎంత దిగాలంటే, గ్లవ్ వేళ్ళ కణుపులు కాంక్రీటుకు దాదాపు తగలాలి. అప్పుడు స్టిక్ తల నేలకు సమాంతరంగా బంతి కిందికి జారుతుంది. ఎత్తేటప్పుడు ఆగకూడదు, అదే ఊపులో రెండు మూడు అడుగులు పరిగెత్తి, స్టిక్‌ను ముఖం దగ్గరికి తెచ్చుకుని, ఎదుటివాడికి వీపు చూపించాలి. గ్లవ్ కణుపుల మీద దుమ్ము అంటిందో లేదో చూస్తానని చెబితే చాలు, పిల్లలు పోటీపడి వంగుతారు. డ్రిల్ అయ్యాక చేతులు చాపమంటాను. తెల్లటి దుమ్ము ఉన్నవాళ్ళకు ఆ రోజు నీళ్ళ విరామంలో మొదటి వంతు.

ఇది అలవడ్డాక మూడోవాణ్ణి చేర్చండి: ఇద్దరు ఒక జట్టు, ఒకడు ఎదుటి జట్టు. ఇద్దరిలో ఒకడు ‘బాల్’ అని అరవాలి, రెండోవాడు ‘మ్యాన్’ అని అరిచి ఎదుటివాడికి, బంతికి మధ్య ఒళ్ళు అడ్డం పెట్టాలి. అరుపు లేకపోతే ఇద్దరూ బంతి మీదికే వెళ్ళి తలలు కొట్టుకుంటారు. ఇంట్లో గొంతు తగ్గించమని చెప్పే పిల్లలకు ఇక్కడ గొంతు పెంచమని చెప్పాలి. మన ఇళ్ళ పిల్లలకు ఇది మరీ కష్టంగా ఉండటం గమనించాను.

పాసుల డ్రిల్‌లో పిల్లలను జంటలు చేసి, ఐదంగల దూరంలో నిలబెట్టి మొదలుపెట్టండి. పట్టేటప్పుడు స్టిక్ తల చెవి పక్కన ఉండాలి, అదే విసిరేవాడికి గురి. బంతి తగిలే క్షణంలో స్టిక్‌ను కొంచెం వెనక్కి ఇవ్వాలి, క్రికెట్లో క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కున్నట్టు. బంతి నిలిచాక మణికట్టును అటూఇటూ తిప్పుతూ నెట్‌లో దాన్ని కదలకుండా ఉంచడం మీద కొత్త కోచ్‌లు వారాలు ఖర్చు చేస్తారు. నా లెక్కలో అది పరుగుతో దానంతటదే వస్తుంది. నిలబడి పాసులు రెండు నిమిషాలు చాలు. తర్వాత జంటలన్నీ రింకు సగంలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ పాసులు ఇచ్చుకోవాలి, ఒకరికొకరు అడ్డం వస్తూ ఉంటారు. అదే కావాలి. బంతి పడితే పక్క జంట కూడా దాన్ని ఎత్తుకుపోవచ్చు. చివరికి ఏ జంట దగ్గర ఎక్కువ బంతులుంటే ఆ జంటది గెలుపు. రింకు బయట ఇటుక గోడ ఉంటే, బండి వచ్చేదాకా ఎదురుచూసే పిల్లలకు దాని మీద కొట్టి పట్టుకోవడమే మంచి అభ్యాసం. గోడ అలిసిపోదు, తప్పుపట్టదు. ముందు ఆ గోడ ఎవరిదో అడగండి.

దాడికి సంబంధించి పిల్లలకు చెప్పాల్సిన సూత్రం ఒకటుంది: కుడిచేతివాళ్ళు ఎడమ పక్క, ఎడమచేతివాళ్ళు కుడి పక్క ఆడాలి. అప్పుడే స్టిక్ రింకు మధ్యవైపు ఉంటుంది, గోలు తెరుచుకుని కనిపిస్తుంది. మైదానంలో రెండు చేతులూ మార్చి ఆడతారు, బాక్స్‌లో ఒక చేతినే పదును పెడతారు. కెనడాలో హాకీ అలవాటు వల్ల ఎడమ వైపు పట్టేవాళ్ళే ఎక్కువ. మా జట్టులో కుడిచేతివాళ్ళకు ఎప్పుడూ కరువే. అందుకే ఇద్దరు ఆడే డ్రిల్ ఏదైనా మొదలుపెట్టేటప్పుడు ఎవరు ఏ పక్కనో ముందు చూడండి. ఇద్దరి మీద ఒకడు, ముగ్గురి మీద ఇద్దరు: ఈ రెండు ఆటలు చాలు, సీజన్ గడిచిపోతుంది. షాట్ అయ్యాక ఆపకుండా, డిఫెన్స్‌లో ఉన్నవాళ్ళే బంతి పట్టుకుని అవతలి గోలుకు పరిగెత్తాలి, కొత్తగా ఇద్దరు వాళ్ళకు ఎదురు రావాలి. 1963 నుంచి 1969 దాకా వరసగా ఏడు మింటో కప్పులు (కెనడా జూనియర్ లాక్రోస్ ఛాంపియన్‌షిప్) గెలిచిన ఒషావా గ్రీన్ గేల్స్ జట్టుకు జిమ్ బిషప్ కోచ్. ఆ జూనియర్ జట్టు ఆటంతా పరుగుదే. మన పిల్లలకు ఆ స్థాయి అక్కర్లేదు గానీ, షాట్ కొట్టగానే చేతులు దించేసి నిలబడే అలవాటు మాత్రం మొదటి వారంలోనే మాన్పించాలి.

పిక్ అండ్ రోల్ (మనవాణ్ణి కాస్తున్నవాడికి ఒళ్ళు అడ్డం పెట్టి, వెంటనే గోలు వైపు తిరిగి వెళ్ళడం) పదేళ్ళు దాటినవాళ్ళకే. బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు ఇది ముందే తెలిసి ఉంటుంది. వాళ్ళచేతనే మిగతావాళ్ళకు చెప్పించండి. పిక్ పెట్టేవాడు కదలకుండా నిలబడాలన్న ఒక్క నియమం గట్టిగా పట్టించండి, లేకపోతే పెనాల్టీ బెంచ్ నిండిపోతుంది.

డిఫెన్స్ దగ్గరే నాకు కబడ్డీ అక్కరకొచ్చింది. పిల్లలకు స్టిక్ ఉంటే కాళ్ళు పనిచేయవు, చేతులే పనిచేస్తాయి: ఎదుటివాడు పక్కనుంచి దాటిపోతాడు, వీళ్ళు వెనకనుంచి స్టిక్‌తో కొడతారు. అందుకని స్టిక్కులు బోర్డుల దగ్గర పెట్టించి, ప్యాడ్స్, గ్లవ్స్ ఉంచి, కోన్‌లతో చిన్న బరి గీస్తాను. అటు నలుగురు, ఇటునుంచి ఒకడు కూత పెడుతూ వెళ్తాడు. వాడు ఒకరిని తాకి తిరిగి రావాలి. నలుగురూ వాణ్ణి పట్టుకోకూడదు, తొయ్యకూడదు. ఒళ్ళు అడ్డం పెట్టి, ముంజేతులు ముందుంచి, అడుగులు పక్కకు జరుపుతూ వాణ్ణి ఎప్పుడూ తమ ముందే ఉంచుకోవాలి, దారి మూసి బోర్డుల వైపు మళ్ళించాలి. కాళ్ళు ఒకదానికొకటి పెనవేసుకున్నవాడు క్షణంలో దొరికిపోతాడు. ఒకడు ముందుకు ఉరికితే పక్కవాడు ఆ ఖాళీలోకి జరగాలి, లేదా గొలుసు తెగుతుంది. ఒంటారియో పిల్లలు ‘కబాడి కబాడి’ అని సాగదీసి పలుకుతూ ఊపిరి బిగబట్టడం చూస్తే నవ్వొస్తుంది, కానీ వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే డ్రిల్ ఇదే. కూతకు వెళ్ళినవాడికి ఆ తర్వాత స్టిక్, బంతి ఇవ్వండి, మిగతాదంతా అలాగే ఉంచండి. అది బాక్స్ లాక్రోస్ డిఫెన్సే. క్రాస్‌చెక్ (రెండు చేతుల మధ్య పట్టుకున్న స్టిక్ పిడితో ఎదుటివాణ్ణి నెట్టడం) నేర్పే ముందు మీ వయసు విభాగంలో లీగు ఏది అనుమతిస్తుందో చదువుకోండి. వీపు మీద, మెడ మీద, తల మీద ఏ వయసులోనూ కూడదు.

గోలీ గురించి. ప్రాక్టీసు మొదలవగానే అందరూ వరసగా నిలబడి గోలీ మీదికి బంతులు విసరడం చాలాచోట్ల చూస్తాం. బరువైన ప్యాడ్స్‌లో ఉన్న తొమ్మిదేళ్ళ పిల్ల మీద పదిహేను మంది దాడి అది. పెద్దవాళ్ళలో ఒకరిని గోలీకే కేటాయించండి. టెన్నిస్ బంతులతో, ముందే చెప్పిన చోటికి, నెమ్మదిగా మొదలుపెట్టాలి: కింద ఎడమ, కింద కుడి, తర్వాత పైన. గోలీ నేర్చుకోవాల్సింది బంతిని పట్టడం కంటే ముందు నిలబడే చోటు. షాట్ కొట్టేవాడి స్టిక్ వైపు ఒళ్ళు తిప్పి, గోలు గీత మీద కాక ఒక అడుగు ముందు నిలబడితే, నాలుగడుగుల గోలులో కనిపించే ఖాళీ ఎంత తగ్గిపోతుందో షాట్ కొట్టే చోటునుంచి ఆ పిల్లకే చూపించండి. మీరు గోలులో నిలబడి, ముందుకీ వెనక్కీ జరిగి చూపిస్తే చాలు.

డ్రిల్స్ ఎక్కడ దొరుకుతాయంటే, మొదటి చోటు మీ ఊరి రింకే. జూనియర్, సీనియర్ జట్ల మ్యాచ్‌కు అరగంట ముందు వెళ్ళి వాళ్ళ వార్మప్ చూడండి. పెద్దవాళ్ళు వార్మప్‌లో చేసేదాన్ని సగం వేగంతో, సగం జాగాలో పిల్లలచేత చేయించవచ్చు. సిక్స్ నేషన్స్ అనే ఆదివాసుల ప్రాంతం దగ్గర్లో ఉంటే హేగర్స్‌విల్‌లోని ఇరొకోయ్ లాక్రోస్ ఎరీనాకు ఒకసారి జట్టును తీసుకువెళ్ళండి. అసలు లాక్రోస్ ఆటే ఇరొకోయ్ అని కూడా పిలిచే హొడెనొషోని ఆదివాసులది. అంతర్జాతీయ పోటీల్లో వాళ్ళు తమ సొంత జెండా కింద ఆడతారు. ప్రపంచ ఇండోర్ పోటీల్లో 2003 నుంచి 2019 దాకా ప్రతి ఫైనల్ కెనడాకూ వాళ్ళకూ మధ్యే జరిగింది. ఆ ఊళ్ళ పిల్లలు స్టిక్ పట్టే తీరు మీ పిల్లలు ఒక్క సాయంత్రం చూస్తే, మీరు నెలరోజులు చెప్పేది అర్థమైపోతుంది.

రెండో చోటు కోచ్ కోర్సు. లాక్రోస్ కెనడా, రాష్ట్ర సంఘాల ద్వారా జరిగే జాతీయ కోచింగ్ సర్టిఫికేషన్ తరగతుల్లో ఇచ్చే కాగితాల కంటే, మధ్యాహ్న భోజనం దగ్గర పక్కన కూర్చున్న పాత కోచ్ చెప్పేవే ఎక్కువ పనికొస్తాయి. ఒంటారియోలో రోవన్స్ లా అనే చట్టం కింద కోచ్‌లు, ఆటగాళ్ళు, పిల్లల తల్లిదండ్రులు ఏటా తలదెబ్బల గురించిన సమాచారం చదవాలి. 2013లో రగ్బీ ఆడుతూ తలకు దెబ్బలు తగిలి చనిపోయిన రోవన్ స్ట్రింగర్ అనే అమ్మాయి పేరు మీద వచ్చిన చట్టమది. దాన్ని సంతకం పెట్టి పడేసే కాగితంలా చూడకండి. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే ఆ పిల్లకో పిల్లవాడికో ఆ రోజుకు ఆట అయిపోయినట్టే, ఎంత బతిమాలినా సరే.

మూడో చోటు మీ జట్టు ఆడిన చివరి మ్యాచ్. గోల్స్ లెక్క స్కోర్‌బోర్డు చూసుకుంటుంది. మీరు బెంచ్ వెనక నిలబడి ఒక కాగితం మీద రెండు గీతలే గీయండి: నేల మీది బంతులు మనవి ఎన్ని, వాళ్ళవి ఎన్ని. దాని కింద బంతి ఎక్కడ పోగొట్టుకున్నామో ఒక్కొక్క మాట: మూల, మధ్య గీత, బెంచ్ ముందు. బెంచ్ ముందు ఎక్కువసార్లు పోతే ఆటగాళ్ళు మారే పద్ధతి సాధన చేయాలి. మూలల్లో పోతే ముగ్గురి డ్రిల్. మధ్య గీత దగ్గర పోతే కదులుతూ ఇచ్చే పాసులు. తర్వాతి గంట ప్రాక్టీసుకు ఆ కాగితమే ప్రణాళిక. గంటలో నాలుగు డ్రిల్స్‌కు మించి పెట్టకండి, వాటిలో మూడు పిల్లలకు ముందే వచ్చినవై ఉండాలి. కొత్త డ్రిల్ అర నిమిషంలో వివరించలేకపోతే అది మీకే ఇంకా అర్థం కాలేదన్నమాట, వచ్చే వారానికి వాయిదా వేయండి. చివరి పది నిమిషాలు రింకు అడ్డంగా రెండు చిన్న గోల్స్ పెట్టి, ముగ్గురేసి చొప్పున మ్యాచ్ ఆడించండి. ఆ పది నిమిషాలు ఈల మీ జేబులోనే ఉండాలి.